తిరుపతి ఎండలో అత్తర్లు: ఒకే సీసా, మా ఇంట్లో మూడు వాసనలు

సెంట్ల గురించి రాసేంత తెలిసిన మనిషిని కాదు నేను. ఆఫీసుకు పోయేటప్పుడు ఏదో ఒకటి బుస్సుమని కొట్టుకుని బండెక్కడమే, అదీ గుర్తుంటే. అత్తర్ల జోలికి పోయింది తలనొప్పి వల్ల. స్ప్రే సెంటు ఏది కొట్టుకున్నా మొదటి పది నిమిషాలు ముక్కు లోపల మండినట్టు, కణతల దగ్గర లాగినట్టు ఉండేది. ఆల్కహాల్ లేని నూనె సెంటు వాడి చూడమని ఆఫీసులో ఒకామె చెబితే పోయిన ఏడాది ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో రోల్ ఆన్ సీసా కొన్నాను. గులాబీ అన్నాడు. అరగంట గులాబీయే, తర్వాత కిరసనాయిలు, సాయంత్రానికి మెడ మీద రాసుకున్న చోట ఎర్రగా దద్దుర్లు. మూడు రోజులు గోక్కుంటూ కూర్చున్నాను. ఆ సీసా మీద ఎవరు చేశారో, అందులో ఏముందో ఒక్క ముక్క రాసి లేదు. అడుగుదామంటే మళ్ళీ వారానికి ఆ స్టాలే లేదు.

అందుకే ఈసారి సొంత కొట్టు ఉన్న మనిషి దగ్గరే కొనాలనుకున్నా. ఏదైనా తేడా వస్తే పోయి నిలబెట్టి అడగొచ్చు కదా.

మే నెలాఖరులో పోయాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇప్పుడు ఇళ్ళల్లో రోళ్ళు లేవు గాబట్టి నా స్కూటీ సీటు పగిలింది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందులు తెలిసినవాళ్ళకు తెలుసు, ఇత్తడి దీపాలు, కుంకుమ పొట్లాలు, మరపాచి బొమ్మలు, పూజ సామాన్లు, వాటి మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయేంత కొట్టు ఇది. పేరు రాయడం లేదు, ఆయనే వద్దన్నాడు. "ఫోన్లో పెట్టొద్దు మా, వాసన చూసేవాళ్ళు వంద మంది వస్తారు, కొనేవాళ్ళకు నేను దొరకను" అన్నాడు. అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అదే అన్నాను. డెబ్బై దాటినట్టున్నాడు. వెనక అద్దాల బీరువాలో గాజు మూతల సీసాలు, ఒక్కదాని మీదా పేరు లేదు, అన్నీ నంబర్లే.

నేను పోగానే చేసిన పని, అందరూ చేసేదే, సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. "మూత వాసన మూతకే ఉంటాది మా. చెయ్యి చూపించు" అన్నాడు. సన్నటి గాజు పుల్లతో ఎడమ మణికట్టు మీద ఒకటి, కుడి మణికట్టు మీద ఒకటి, ఎడమ మోచేతి మడతలో ఒకటి, మూడంటే మూడు చుక్కలు. నేను అలవాటు కొద్దీ రెండు మణికట్లూ కలిపి రుద్దబోతే మళ్ళీ అరిచాడు. రుద్దితే చర్మం వేడెక్కి పైపైన ఉన్న తేలికపాటి వాసన ముందే ఎగిరిపోతుందట, అదీ గాక రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. నాలుగోది చూపించమంటే రేపు అన్నాడు. ముక్కు మూడింటికే అలసిపోతుందని ఆయన లెక్క. మాల్స్‌లో మధ్యమధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు చూడండి, అది అడిగాను. "కాఫీ కూడా ఒక వాసనే కదా మా, అది ముక్కుకు సెలవు ఎట్టయితాది? నీ కొంగు నువ్వే వాసన చూసుకో, చాలు" అన్నాడు. నిజంగానే అది పనిచేసింది, మన ఒంటి వాసన మన ముక్కుకు అలవాటే గాబట్టి తిరిగి సున్నా దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది.

ఆ మూడింట్లో మల్లె అక్కడికక్కడే నచ్చేసింది. సాయంత్రం గంపలో తడిగుడ్డ తీసినప్పుడు వచ్చే వాసన ఉంటుందే, అచ్చం అదే. ఇచ్చేయండి అన్నాను. ఇవ్వనన్నాడు! "ఇంటికి పో, పని చేసుకో, సాయంత్రం దాకా పెట్టుకోని చూడు, అప్పుడు కూడా నచ్చితే రేపు రా." నాకు ఒళ్ళు మండింది. నలభై డిగ్రీల ఎండలో కొర్లగుంట నుంచి వచ్చి, బండి పెట్టడానికి చోటు దొరక్క రెండు సందులు అవతల పెట్టి, చెప్పుల్లో కాళ్ళు కాలుతూ నడిచి వస్తే ఈయన సరుకు అమ్మనంటాడేంటి అని. ఏదో గొణిగి వచ్చేశాను.

లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెయ్యి వాసన చూసుకుంటే మల్లె కొంచెం ముదిరినట్టు అనిపించింది, వాడిన పూల వాసన. ఇంటికి చేరి ఫ్యాను కింద కూర్చున్నాక చూస్తే కలరా ఉండలు. బీరువాలో పట్టుచీరల మధ్య వేస్తామే, అవే. కడిగినా పోలేదు, రాత్రి అన్నం తినేటప్పుడు కూడా కుడిచేతి నుంచి అదే వాసన. ఆయన మాట వినకుండా 12 మిల్లీల సీసా కొనేసి ఉంటే నా పని అంతే.

తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, మల్లెజాతి పూల వాసనలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉంటే పువ్వుకు ఆ మత్తు ఇచ్చేది అదే, మోతాదు మించితే కలరా ఉండల వాసనో, ఇంకా ఘోరమైన వాసనో వచ్చేది కూడా దానివల్లే. తేలికగా ఎగిరిపోయేవన్నీ వేడికి ముందే పోయి, బరువైనవి చర్మం మీద మిగిలిపోయి, మిగిలినదాంట్లో ఇదే పైకి తేలితే నా గతి పడుతుంది. మరుసటి రోజు పోయి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు, పైగా ఇంకో నిజం చెప్పాడు. "నూటయాభైకి పూలు రావు మా, పూల వాసన వస్తాది." అంటే ఆ మల్లె పూలనుంచి తీసింది కాదు, ల్యాబులో చేసింది. అడగకపోతే చెప్పేవాడా అంటే, ఏమో, చెప్పేవాడనే అనుకుంటున్నా.

ఆ రోజు నుంచి మూడు వారాలు, ఆదివారాలు పోను, నేను ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అక్కడ ఆగి మూడు చుక్కలు పెట్టించుకుని ఇంటికి పోవడం, నచ్చినవి 3 మిల్లీల సీసాలు తెచ్చి ఇంట్లో మా ఆయన చేతికి, మా అత్తమ్మ చేతికి కూడా రాయడం. ఇది ఎందుకు మొదలుపెట్టానంటే దవనం వల్ల. దవనం తెలియని తెలుగువాళ్ళు ఉండరు, కనకాంబరాల్లో మరువంతో పాటు కట్టే ఆకు. దాని నూనె గురించి సెంట్లు తయారుచేసేవాళ్ళలో ఒక మాట ఉంది, ఏ ఇద్దరి ఒంటి మీదా ఒకేలా వాసన రాదని. భాయ్ కూడా సీసా ఇస్తూ అదే అన్నాడు, "ఇది నీ కోసం కొంటావో, ఇంకొకరి కోసం కొంటావో ఇంటికి పోతే తెలుస్తాది" అని. నాకు నమ్మకం కలగలేదు, అమ్ముకునేవాడి మాటల్లే అనుకున్నా.

ముగ్గురం రాత్రి భోజనాలయ్యాక ముందు గదిలో కూర్చుని చేతులు చాపుకున్నాం. ఒకే సీసా, ఒకే పుల్ల, తలా ఒక చుక్క. అరగంట తర్వాత నా చేతి మీద ఎండుఖర్జూరం, బెల్లం పాకం వాసన, తినబుద్ధి అయ్యేంత తియ్యగా. మా ఆయన చేతి మీద చేదుగా, పచ్చిగా, ఆయుర్వేదం కొట్టులో కషాయం కాస్తున్నట్టు. అత్తమ్మ చేతి మీద మాత్రం దవనమే, అచ్చంగా పూలదండ. ఆమె ఒకసారి వాసన చూసి కళ్ళకద్దుకుని "స్వామి మెళ్ళో దండ తీసి ఇచ్చినట్టుంది" అని ఇంకేం మాట్లాడలేదు. ఆ సీసా ఇప్పుడు ఆమె పూజ గదిలో ఉంది, నాకు తిరిగి రాలేదు. 3 మిల్లీలు 350 రూపాయలు, నేను కొన్నవాట్లో డబ్బులు పూర్తిగా గిట్టింది అదే, నేను వాడకపోయినా సరే.

ఎందుకిలా అంటే పెద్ద రహస్యమేమీ లేదు. మా ఆయనది జిడ్డు చర్మం, ఎండలో తిరిగే ఉద్యోగం, ఒళ్ళెప్పుడూ వేడిగా ఉంటుంది. జిడ్డు చర్మం మీద నూనె ఎక్కువసేపు నిలుస్తుంది గానీ చెమట కలిసినప్పుడు లెక్క మారిపోతుంది, చెమటకు సొంతంగా పెద్ద వాసన ఉండదు, చర్మం మీదున్న బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు వచ్చేదే కంపు, ఆ కంపుతో అత్తరు కలిస్తే ఏమవుతుందో ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే. నాది పొడి చర్మం, పైగా పొద్దంతా ఏసీలో కూర్చునే ఉద్యోగం, చాలావాటిని గంటన్నరలో పీల్చేసుకుని ఏమీ లేనట్టు అయిపోతుంది. దానికి మందు భాయే చెప్పాడు, రాసుకునే చోట ముందు వాసన లేని వ్యాజిలిన్ కొంచెం పూయమని. పూశాక గంటన్నర కాస్తా మూడున్నర గంటలైంది. కొబ్బరినూనె వద్దు, దాని వాసన దానికుంది, మల్లె ప్లస్ కొబ్బరినూనె అంటే స్కూలుకు పోయే పిల్ల జడ.

స్ప్రే సెంటుకూ దీనికీ ఉన్న తేడా కూడా ఈ మూడు వారాల్లోనే అర్థమైంది. స్ప్రేలో ఆల్కహాల్ ఆవిరవుతూ వాసనను గదంతా మోసుకుపోతుంది, అత్తరు అట్లా కాదు, ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, పక్క కుర్చీలో వాళ్ళకు రావొచ్చు, ఆ వరస చివర కూర్చున్నవాళ్ళకు రాదు. ఏసీలో అయితే నాకే రాదు. సాయంత్రం ఆరింటికి బయటికొచ్చి స్కూటీ ఎక్కి వేడిగాలి తగలగానే పొద్దున రాసుకున్నది ఒక్కసారిగా లేచి వస్తుంది, ఆఫీసులో దాక్కుని నాతోపాటే బయటికి వచ్చినట్టు. నా తలనొప్పి విషయం అడుగుతారేమో, చాలావాటికి రాలేదు, ఊద్‌కు మాత్రం వచ్చింది.

ఊద్ గురించి ఎక్కువ రాయను. అస్సాం వైపు పెరిగే అగరు చెట్టుకు ఒక రకం బూజు పట్టినప్పుడు లోపల నల్లటి జిగురు కలప తయారవుతుంది, దాని నూనె అది, అసలుది కిలో లక్షల్లో ఉంటుంది. నాకు ఇచ్చింది 200ది, అంటే ఏమిటో మీకే అర్థమవుతుంది. మా ఆయనకు మాత్రం తెగ నచ్చింది. రెండు చుక్కలు చాలంటే వినకుండా చొక్కా కాలరుకు కూడా పూసుకుని పెళ్ళికి వస్తే పక్కన కూర్చోలేక నేను ఆడవాళ్ళ వైపు పోయి కూర్చున్నాను.

నాకు అన్నింటికన్నా నచ్చింది వట్టివేళ్ళది. ఖస్ అంటారు. చిక్కగా, ముదురు ఆకుపచ్చగా ఉంది, రాగి బానలో కాయడం వల్ల ఆ రంగు వస్తుందని భాయ్ చెప్పాడు. రాసుకున్న మొదటి పది నిమిషాలు బాగుండదు, ముందే చెబుతున్నా, బురదలోంచి తీసిన వేరు లాగా, కొంచెం పొగగా ఉంటుంది, చాలామంది అక్కడే వద్దంటారట. ఆగండి. పావుగంటకు అది చిన్నప్పుడు చిత్తూరులో మా తాతగారింట్లో కిటికీకి కట్టిన తడికె మీద నీళ్ళు చల్లినప్పటి వాసన అవుతుంది, మధ్యాహ్నం నిద్ర, నేల మీద చాప, రేడియో, అంతా వచ్చేస్తుంది. ముగ్గురి చేతుల మీదా ఒక్కలాగే వచ్చింది ఇది ఒక్కటే, మిగతావాటిలాగా మనిషిని బట్టి నాటకాలు ఆడలేదు. పొద్దున ఎనిమిదికి రాస్తే రాత్రి పడుకునేటప్పుడు కూడా మోచేతి మడతలో ఉంది, నా పొడి చర్మం మీద, వ్యాజిలిన్ లేకుండా. 3 మిల్లీలు 300.

మట్టి అత్తరు గురించి విని ఉంటారు, తొలకరి వాన పడ్డప్పటి వాసన. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున ఉన్న కన్నౌజ్‌లో చేస్తారు, ఆ ఊరి అత్తర్లకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాల్చిన మట్టి బిళ్ళల్ని రాగి బానలో నీళ్ళతో వేసి, మూతికి మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెట్టి, ఆవిరిని వెదురు గొట్టం గుండా నీళ్ళలో మునిగి ఉన్న ఇంకో రాగి కుండలోకి పంపిస్తారు, ఆ కుండలో ముందే గంధపు నూనె ఉంటుంది, ఆవిరి అందులో దిగుతుంది. పూలవీ అంతే, రోజూ కొత్త పూలు వేస్తూ రోజుల తరబడి చేస్తారు. వాన వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా సైంటిస్టులు పెట్రికోర్ అని పేరు పెట్టారు, కన్నౌజ్ వాళ్ళు అంతకుముందు నుంచే దాన్ని సీసాల్లో పోసి అమ్ముకుంటున్నారు. ఇంత కథ ఉంది గాబట్టి 600 పెట్టి 3 మిల్లీలు తెచ్చాను. మొదటి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుంటే నిజంగా వానే, కిటికీ బయట మాత్రం నిప్పులు చెరిగే ఎండ. ముప్పావుగంటకు వాన వెలిసిపోయింది, కొంచెం గంధం మిగిలింది, తర్వాత అదీ లేదు. అత్తమ్మ "ఇన్ని డబ్బులు పెట్టి మట్టి కొన్నావా, పెరట్లో నీళ్ళు చల్లితే సరిపోయేది గదా" అంది. జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే చల్లి చూశాం, ఆమె అన్నదే నిజం. చేతిరుమాలు మీద వేసుకుంటే మాత్రం సాయంత్రం దాకా ఉంది, అట్లా వాడుతున్నా.

మొగలిది, అంటే కేవడా, ఒడిశాలో గంజాం జిల్లా నుంచి వస్తుంది. సీసాలో చల్లగా, తియ్యగా బ్రహ్మాండంగా ఉంది. మా ఆయన ఒంటి మీద బిర్యానీ. అతిశయోక్తి కాదు, బిర్యానీలో కేవడా నీళ్ళు చల్లుతారు గాబట్టి మన ముక్కుకు ఆ వాసన రాగానే మాంసం, నెయ్యి, కుంకుమపువ్వు గుర్తుకొస్తాయి, దాని తప్పు కాదు. నాకు కొంచెం నయం. కానీ సోమవారం కపిలతీర్థం పోయేటప్పుడు రాసుకోబోతే అత్తమ్మ ఆపింది. బ్రహ్మ కోసం దొంగసాక్ష్యం చెప్పిందని మొగలిపువ్వును శివుడు శపించాడు కదా, ఆయన గుడికి అది పూసుకుని పోతావా అని. పువ్వుకు ఉన్న శాపం నూనెకు కూడా ఉంటుందా అని మా ఆయన అడిగాడు, ఆమె చూపుకు నోరు మూసుకున్నాడు. కొండకు పోయేటప్పుడు కూడా ఇదే గొడవ. తిరుమలలో పూలన్నీ స్వామివే, మనం తల్లో పెట్టుకోకూడదు, అది చిన్నప్పటి నుంచీ తెలుసు. మరి పూల అత్తరు? అలిపిరి దగ్గర ఈ చర్చ మొదలై మెట్లు ఎక్కినంతసేపూ నడిచింది, మోకాళ్ళ పర్వతం దగ్గర ఊపిరి అందక ఆగిపోయింది. నేను ఆ రోజు ఏమీ పూసుకోకుండా పోయాను.

వైట్ మస్క్ అని కస్తూరి రకం వాసనది ఒకటి ఇచ్చాడు భాయ్, నాకు ఏ వాసనా రాలేదు, నీళ్ళు పోశాడేమో అనుకున్నా. ఇంట్లో మా ఆయన దూరం నుంచే "ఉతికిన దుప్పటి వాసన వస్తా ఉందే" అన్నాడు. కొన్ని రకాల మస్క్ వాసనలు కొందరి ముక్కుకు అందవట, ఆ కొందరిలో నేనొకదాన్ని. మనకు రావడం లేదని ఇంకా ఇంకా పూసుకుంటే చుట్టుపక్కలవాళ్ళు చచ్చిపోతారు, జాగ్రత్త.

ఇంకో విషయం, ఇది మన ఊరి విషయం గాబట్టి చెప్పాలి. ఆ సందుల్లోనే వేరే చోట ఎర్రచందనం అత్తరు అని బయటి యాత్రికులకు అమ్ముతుంటే చూశాను. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనానికి వాసన ఉండదు, దాని విలువంతా రంగులో, చేవలో ఉంది. వాసన ఉండేది మామూలు గంధపు చెట్టుకు, అది వేరే జాతి. ఎర్రచందనం బొమ్మ కొనుక్కోండి, వాసన చూడాలనుకుంటే గంధం అడగండి. అట్లాగే పునుగు. శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం గురించి విన్నవాళ్ళు కొట్లో కూడా పునుగు అడుగుతారు. భాయ్ దగ్గర ఉంది, కానీ సీసా చూపిస్తూనే "ఇది పిల్లి నుంచి వచ్చింది కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది" అని చెప్పేశాడు. పునుగు పిల్లికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, కొట్లో అసలుది ఇస్తామంటే అబద్ధమైనా అయి ఉండాలి, నేరమైనా అయి ఉండాలి. ఆ ఫ్యాక్టరీ పునుగు సీసాలో భరించలేం, ఒంటి మీద పడి రెండు గంటలయ్యాక మాత్రం వెచ్చగా, కొంచెం జవ్వాది పొట్లం లాగా మారింది. కొనలేదు గానీ మళ్ళీ ఒకసారి పెట్టించుకుంటా.

ఇప్పుడు తిట్లు. కొట్లో భాయ్ లేనప్పుడు ఒక కుర్రాడు కూర్చుంటాడు, అతనికి సెల్‌ఫోన్ తప్ప ఏ వాసనా పట్టదు. నేను 14వ నంబరు అడిగితే 41 పోసి ఇచ్చాడు, ఇంటికి పోయి తెరిస్తే చాక్లెట్ వాసన. మరుసటి రోజు భాయ్ మార్చి ఇచ్చాడనుకోండి, ఆ ఎండలో ఇంకో ట్రిప్పు నాది. రెండోది, 3 మిల్లీలు అని చెప్పి మెడ దాకా పోయకుండా ఇస్తాడు ఆ అబ్బాయి, పక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. మూడోది, మూతలు. హ్యాండ్‌బ్యాగులో సీసా కారి లోపలి గుడ్డకు, పాసుపుస్తకానికి పట్టింది, ఇప్పుడు బ్యాంకుకు పోతే కౌంటర్లో ఆమె పుస్తకం వాసన చూసి నవ్వుతుంది. సీసాల మీద పేరు లేకపోవడం, అందులో ఏ నూనె కలిపారో రాయకపోవడం నాకు పెద్ద లోటే. పాత రోజుల్లో అడుగున గంధపు నూనె ఉండేది, ఇప్పుడు దాని ధరకు ఎవరూ పోయలేక వేరే నూనెలు వాడుతున్నారని ఆయనే ఒప్పుకున్నాడు, ఏవి అంటే మాత్రం టీ తెప్పించాడు. నా మెడ అనుభవం ఉంది గాబట్టి ఏ కొత్తది తెచ్చినా ఒక రాత్రి మోచేతి మడతలో ఒక్క చుక్క పెట్టి పడుకుని, పొద్దున దురద లేకపోతేనే మెడకు పోతున్నా. ఇప్పటిదాకా ఈ కొట్టు సరుకుతో ఏమీ కాలేదు.

పట్టుచీర మీద పడనివ్వకండి. ఇది ఆయన చెప్పలేదు, మా మరదలి పెళ్ళిలో నేనే కనుక్కున్నా, కంచి చీర భుజం మీద రూపాయి బిళ్ళంత మరక, డ్రై క్లీనింగ్ అబ్బాయి చేతులెత్తేశాడు. ముందు అత్తరు రాసుకుని, అది ఆరి, తర్వాత చీర కట్టుకోవాలి.

మొత్తం మీద ఈ మూడు వారాల్లో నాకు అయిన ఖర్చు రెండు వేలకు కొంచెం తక్కువ, రోజూ వాడుతున్నది రెండే, వట్టివేళ్ళది ఆఫీసుకు, మట్టిది చేతిరుమాలుకు. తొందర ఉన్నవాళ్ళు ఆ కొట్టుకు పోవద్దు, ఆయన మిమ్మల్ని విసిగిస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత పోతే ఆయనే ఉంటాడు, కుర్రాడు కాదు. ఫోన్‌పే ఉంది.

పోయిన వారం హీనా కావాలని పోయాను, మసాలాలు, మూలికలు వేసి కాచేది, దాని గురించి ఆయనే రోజూ ఊరించేవాడు. మూత కూడా తీయలేదు. "అది ఒంటికి వేడి చేసే సరుకు మా, ఈ ఎండలో పూస్తే నీ తలనొప్పికి నన్ను తిడతావు. కార్తీకం దాటినాక రా" అన్నాడు. చేసేదేం లేక వట్టివేళ్ళది ఇంకో 3 మిల్లీలు పోయించుకున్నా. మెడ దాకా పోశాడో లేదో వెలుతురుకు పట్టుకుని చూశాను, మూత మాత్రం ఈసారి నేనే బిగించుకున్నా.